మున్షీతో చెప్పిన మాట

కప్పులో టీ చల్లారేంత సేపు కూడా పట్టలేదు మీర్దాద్‌కి ఆ మాట చెప్పడానికి.

కొండల కింద బజారు ఊళ్లో, దొర కచేరీ వెనక గదిలో, మున్షీ అతన్ని కుర్చీ మీద కూర్చోబెట్టాడు. ముప్పై నాలుగేళ్ల వయసులో మీర్దాద్ కుర్చీ ఎక్కడం అదే మొదలు. కాళ్లు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. మున్షీ "ఖాన్ సాహెబ్" అని పిలిచాడు. ఏలకులు వేసిన టీ తెప్పించాడు. ఆ తర్వాత ఒక కాగితం తీసి బల్ల మీద పరిచాడు. మీర్దాద్ వాళ్ల ఊళ్లోని ఇళ్లన్నీ అందులో వరసగా రాసి ఉన్నాయి. కొత్తగా రోడ్డు వేస్తున్నచోట, డేరాల మీద ఎవరో కాల్పులు జరిపి ఇద్దరు సిపాయీల్ని చంపారు. అందుకు ఊరంతా ఇంటికో తుపాకి జమ చెయ్యాలని తెల్లవాళ్ల ఫిరంగీ సర్కారు హుకుం.

"మీ నాన్నగారి తుపాకి చాలా మంచిదని విన్నాను," అన్నాడు మున్షీ. ఆయన పష్తో పుస్తకం చదివినట్టు ఉంటుంది.

"అది ఇవ్వను."

"ఇవ్వకండి. ఇచ్చినట్టు నేను రాసుకుంటాను. కాల్చినవాడు సరిహద్దు దాటిపోయాడని మాకూ తెలుసు. పోయేముందు ఒక రాత్రి మీ ఊళ్లో తలదాచుకున్నాడు. వాడికి రొట్టె పెట్టిందెవరో చెప్పండి, చాలు."

తండ్రి తుపాకి పోతుందన్న భయం మీర్దాద్‌ని సగమే కదిలించింది. మిగతా సగం ఆరేళ్ల నాటి కక్ష. అతని చిన్నాన్న కొడుకు తోర్‌బాజ్‌కీ అతనికీ, కాలువ కింద ఉన్న ఒక చిన్న మడి దగ్గర తగాదా వచ్చింది. మడి ఎంతో కాదు, రెండు ఎడ్లు పక్కపక్కన తిరగడానికి చాలదు. అయినా దాయాదుల పట్టుదలకి విస్తీర్ణంతో పనేముంది? తోర్‌బాజ్ మాట్లాడటం మానేశాడు. మానేసి, తన ఇంటి బురుజు మీద ఇంకో నిలువు ఎత్తు లేపాడు. సాయంత్రం అయ్యేసరికి దాని నీడ మీర్దాద్ వాకిలంతా కప్పేసేది. ఆ నీడలో కూర్చుని రొట్టె తింటుంటే ఎవరో నెత్తి మీద కాలు పెట్టినట్టుండేది అతనికి.

"వాడు తోర్‌బాజ్ ఇంటి బురుజులో పడుకున్నాడు," అన్నాడు మీర్దాద్.

మున్షీ రాసుకున్నాడు. మళ్లీ టీ పొయ్యమంటారా అని అడగలేదు.

బయట కమ్మరి సమందర్ గాడిదతో కాచుకుని ఉన్నాడు. ఇనుప ముక్కలు కొనడానికి వస్తూ మీర్దాద్‌కి తోడుగా వచ్చాడు. సమందర్ ఆ ఊరి రక్తం కాదు. అతని తాత ఎప్పుడో ఎక్కడినుంచో వచ్చి, మీర్దాద్ తాత నీడన కొలిమి పెట్టుకున్నాడు. అప్పట్నించీ ఆ ఇంటికి ఈ ఇల్లు అండ. వాళ్ల మీద ఎవరు చెయ్యెత్తినా మీర్దాద్ ఇంటి మీద ఎత్తినట్టే లెక్క.

"బట్టల కొట్టుకి వెళ్లొస్తానన్నావ్. అది అటువైపు కదా ఖాన్?" అన్నాడు సమందర్, మీర్దాద్ వచ్చిన గుమ్మం వైపు చూస్తూ.

"నీకెందుకు? నడు."

సమందర్ గాడిద తాడు అందుకున్నాడు. కొండెక్కి ఇంటికి చేరేదాకా, రెండు రోజుల ప్రయాణంలో, వాన గురించి మాట్లాడాడు, గాడిద కుంటడం గురించి మాట్లాడాడు. ఆ గుమ్మం మాట మళ్లీ ఎత్తలేదు.

మహా అయితే జరిమానా వేస్తారని మీర్దాద్ అనుకున్నాడు. లేకపోతే తోర్‌బాజ్‌ని నెలరోజులు ఖైదులో పెడతారు, వాడి పొగరు కాస్త దిగుతుంది అనుకున్నాడు. పదకొండు రోజుల తర్వాత తెల్లవారేసరికి చుట్టూ గుట్టల మీద పల్టను నిలబడి ఉంది. ఆడవాళ్లనీ పిల్లల్నీ తీసుకుని కొండ వెనక్కి పొమ్మని డప్పు కొట్టించారు. ఒక గంట గడువిచ్చారు. తోర్‌బాజ్ భార్య జర్తాజా నిండు కడుపుతో, నెత్తి మీద పరుపు చుట్టతో, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా గుట్ట ఎక్కడం మీర్దాద్ చూశాడు. చూపు తిప్పుకున్నాడు.

సిపాయీలు బురుజు అడుగున నాలుగు కన్నాలు తవ్వి మందు దట్టించారు. పేలుడు చప్పుడు కంటే ముందు బురుజు ఒక్కసారి పైకి లేచినట్టు అనిపించింది. తర్వాత నిలువునా కూలబడింది. దుమ్ము లేచి, కొండ వెనక దాక్కున్నవాళ్ల పెదాల మీదా కనురెప్పల మీదా పడింది. ఆ తర్వాత తోర్‌బాజ్ గొర్రెల్ని తోలుకుపోయారు. వాళ్ల తాత నాటిన అక్రోటు చెట్లు ఐదింటికీ చుట్టూ బెరడు కోసి వదిలేశారు, నిలబడే ఎండిపోయేటట్టు.

ఆ సాయంత్రం మీర్దాద్ ఇంటికి తిరిగొచ్చి వాకిట్లో నిలబడ్డాడు. ఆరేళ్ల తర్వాత వాకిలి నిండా ఎండ పడింది. గోడ వార నీళ్ల కుండ మీద, ముసలి కోడి మీద, అన్నిటి మీదా పచ్చగా పడింది. అతని ఒళ్లు ఒక్క క్షణం తేలికపడింది. తేలికపడ్డందుకు మరుక్షణమే సిగ్గుతో కుంచించుకుపోయాడు. లోపలికి పోయి తలుపు వేసుకున్నాడు.

సిపాయీలకి చిక్కకుండా తప్పుకున్న తోర్‌బాజ్, పెళ్లాంతో కొండ పక్క గుహలో మూడు వారాలు ఉన్నాడు. అక్కడ ఉండగానే చలి వాన మొదలైంది.

ఒకరోజు మధ్యాహ్నం వాకిట్లో అడుగుల చప్పుడైంది. మీర్దాద్ తల్లి తోతియా మంచం మీద మొక్కజొన్న ఆరబోస్తోంది. తోర్‌బాజ్ వచ్చి, తలపాగా విప్పి, ఆవిడ కాళ్ల దగ్గర పెట్టాడు.

"పెద్దమ్మా, దానికి నొప్పులు మొదలయ్యాయి. గుహలో నీళ్లు కారుతున్నాయి. శరణు కోరి వచ్చేవాడు గొర్రెని తోలుకుని రావాలి, నాకు గొర్రె లేదు. ఉత్త చేతుల్తో వచ్చాను."

తోతియా తలపాగా తీసి వాడి నెత్తి మీదే పెట్టింది. "నువ్వు పుట్టినప్పుడు బొడ్డు కోసింది నేనురా. నాకు గొర్రెలు చూపిస్తావా? వెళ్లు, వెళ్లి దాన్ని తీసుకురా." తర్వాత కొడుకు వైపు చూసింది. ఇంటి యజమాని అతను. మాట అతనే చెప్పాలి.

తోర్‌బాజ్ కూడా అతని వైపు తిరిగాడు. "అన్నా," అన్నాడు.

ఆరేళ్ల తర్వాత ఆ పిలుపు విన్నాడు మీర్దాద్. తల కొట్టేసినట్టయింది.

"ఇల్లు నీదే," అన్నాడు నేల చూస్తూ.

"ఆగు, ఒకటి చెప్పాలి. కడుపులో పెట్టుకుని నీ గడప దాటలేను." తోర్‌బాజ్ గొంతు సవరించుకున్నాడు. "మొదట నిన్నే అనుమానించాను. పొరుగూళ్లో అడిగి తెచ్చిన తుపాకితో రెండు రోజులు ఆ బండల వెనక నీకోసం గురిపెట్టి కూర్చున్నాను. నువ్వు నీళ్లకి వెళ్లావు, వచ్చావు. అప్పుడు నాకే బుద్ధొచ్చింది. మీర్దాద్ నాతో కొట్టుకుంటాడు, కుదిరితే చంపుతాడు కూడా. అంతేగాని అతిథికి రొట్టె పెట్టినవాణ్ని ఫిరంగీకి పట్టిస్తాడా? మనం ఒక తాత మనవలం. అట్లా అనుకున్నందుకు మన్నించు. ఆ కాలువ కింద మడి నీదే. ఇక దాని ఊసెత్తను."

మీర్దాద్ అప్పుడు చెప్పి ఉంటే సరిపోయేది. ఆ తర్వాత చాలాసార్లు అనుకున్నాడు, ఆ మంచం దగ్గర, అమ్మ ముందు, అప్పుడే చెప్పి ఉండాల్సిందని. కానీ జర్తాజాకి నొప్పులొస్తున్నాయి, వాన పడుతోంది, ఇవాళ కాదులే అనిపించింది. సాకు చేతికి అందితే వదిలేదెవరు? తోర్‌బాజ్ భుజం మీద చెయ్యి వేసి "పోయి తీసుకురా" అన్నాడు.

జర్తాజా పడుకోవడానికి మెత్తటి గడ్డి తేవాలని తోతియా పశువుల కొట్టంలోకి వెళ్లింది. చాలాసేపటికి వచ్చింది. చేతుల్లో గడ్డి ఉంది. ముఖంలో నెత్తురు లేదు.

"ఏమైందమ్మా?"

"ఏం లేదు. ఎలుక."

ఆమె గడ్డి కింద ఏం చూసిందో అతనికి అర్థమైంది. ఊరు ఊరంతా తుపాకులు జమ చేసింది. మీర్దాద్ కూడా చేశాడనే అందరికీ తెలుసు. గొంగళిలో చుట్టిన ఆ తుపాకి అక్కడ ఎందుకుందో, ఎవరి దయవల్ల ఉందో ముసలామెకి ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు.

ఆ చీకటి పడే వేళకి జర్తాజాకి ఆడపిల్ల పుట్టింది. తోతియానే బొడ్డు కోసింది. మర్నాటి నుంచి ఆవిడ కొడుకుతో కలిసి తినడం మానేసింది. పంటి నొప్పి అంది. తన రొట్టె తనే వేరేగా కాల్చుకుని, పొయ్యి పక్కన గోడకి తిరిగి కూర్చుని, నీళ్లలో నానబెట్టుకుని తినేది. కొడుకు నీళ్లు ముంచి ఇస్తే అందుకోకుండా, తనే లేచి ముంచుకునేది. తోర్‌బాజ్ మాత్రం మీర్దాద్ పక్కన కూర్చుని కబుర్లు చెప్పేవాడు. "పెద్దమ్మకి పంటినొప్పి తగ్గేదాకా నీకు రొట్టెలు మాడటం తప్పదన్నా" అని నవ్వేవాడు. మీర్దాద్ తను కాల్చుకుని మాడ్చుకున్న రొట్టె నమిలేవాడు.

పాపకి నలభై రోజులు నిండాయి. ఊళ్లో బురుజు మాట మాత్రం సద్దుమణగలేదు. ఎవడో చెప్పకపోతే ఫిరంగీకి ఎలా తెలుస్తుంది? అన్ని ఇళ్లు వదిలేసి సరాసరి ఆ బురుజు దగ్గరికే ఎలా వస్తారు? కొందరు లెక్కలు కట్టారు. ఆ మధ్య బజారు ఊరికి ఎవరెవరు వెళ్లారు? కమ్మరి సమందర్ వెళ్లాడు. వాడు మనవాడు కాదు. వాడికి మన పరువుతో పనేమిటి?

మసీదు ముందున్న బయలులో ఊరి పంచాయతీ, జిర్గా కూర్చుంది. మగవాళ్లంతా గుండ్రంగా నేల మీద కూర్చున్నారు. పెద్ద మనిషి మలిక్ హైబత్ మధ్యలో. సమందర్‌ని గుండ్రానికి బయట నిలబెట్టారు, లోపల కూర్చునే హక్కు అతనికి లేదు. కొలిమి దగ్గర్నించి అలాగే వచ్చాడు, చేతులకి మసి ఉంది.

"ఒరే సమందర్, నువ్వు కాదని నీ తరఫున ఖురాన్ మీద ప్రమాణం చేసేవాళ్లు ఏడుగురు కావాలి. ఉన్నారా?" అన్నాడు మలిక్.

"నాకు ఇక్కడ చుట్టాల్లేరు మలిక్."

"గాడిద ఉందిగా!" అన్నారెవరో. నవ్వులు లేచాయి.

"గాడిదకి ఆరుగురు తమ్ముళ్లు కావాలి మరి!"

సమందర్ కూడా కొంచెం నవ్వాడు, అలవాటు కొద్దీ. తర్వాత గుండ్రంలో వెతికి మీర్దాద్ వైపు చూశాడు. "నేను ఒక్క మనిషిని అడుగుతాను. మా ఖాన్‌ని. నువ్వూ నేనూ కలిసే వెళ్లాం. కలిసే వచ్చాం. నేను ఎక్కడికైనా వెళ్లానా ఖాన్? చెప్పు."

అందరి తలలూ మీర్దాద్ వైపు తిరిగాయి. పక్కనే తోర్‌బాజ్, మోకాలికి మోకాలు తగిలేటంత దగ్గరగా కూర్చున్నాడు. సమందర్ కళ్లలో బెదిరింపు లేదు. నువ్వెక్కడికెళ్లావో నాకు తెలుసు అనే ఎగతాళీ లేదు. నువ్వు లేచి 'వీడు నా నీడన ఉన్నవాడు, వీడి మాట నా మాట' అంటే చాలు, ఇంకేమీ చెప్పక్కర్లేదు అన్నట్టుంది ఆ చూపు. అంత సులువైన దారి చూపించాడు అతను.

"నేను బట్టల కొట్లోకి వెళ్లాను," అన్నాడు మీర్దాద్. తన గొంతు తనకే ఎవరిదో అనిపించింది. "అంతసేపూ వీడు బయటే ఉన్నాడు. అప్పుడు ఏం చేశాడో నేను చూళ్లేదు."

సమందర్ అతన్ని కాసేపు అలాగే చూశాడు. కొలిమిలో ఇనుము ఎంత కాలిందో చూసేవాడిలా చూశాడు. తర్వాత తల దించుకున్నాడు. ఒక్క మాట అంటే చాలు, 'ఖాన్ కచేరీ గుమ్మంలోంచి రావడం నేను చూశాను' అని. అనలేదు.

"ఇంకేమన్నా చెప్పుకుంటావా?" అన్నాడు మలిక్.

"లేదు."

తీర్పు చెప్పడానికి ఎంతో సేపు పట్టలేదు. మర్నాడు మధ్యాహ్నం నమాజుకి ముందే ఊరు వదిలిపోవాలి. కొలిమి చల్లార్చాలి. కప్పు తగలబెట్టాలి. మీర్దాద్ కూడా అందరితో పాటు చెయ్యెత్తాడు.

మర్నాడు సమందర్ ఇనుము పెట్టి కొట్టే దాగలిని గాడిద మీద కట్టాడు. అతని పెళ్లాం తిత్తుల్ని వీపుకి కట్టుకుంది. ఊరి పిల్లలు గులకరాళ్లు విసురుతుంటే వాళ్లు మీర్దాద్ గుమ్మం ముందు ఆగారు. మీర్దాద్ లోపల, తలుపు వెనక నిలబడి ఉన్నాడు.

"అమ్మా, నీ కొడవలి," అంటున్నాడు సమందర్. "పన్ను పెట్టడం అయిపోయింది. పిడి కూడా మార్చాను, చెయ్యి ఒరుసుకుంటోందన్నావుగా."

"నీకేమివ్వనురా?"

"ఏమీ వద్దమ్మా. ఈ ఇంటి దగ్గర ఎప్పుడైనా తీసుకున్నామా?"

గాడిద గిట్టల చప్పుడు వాగు వైపు తగ్గిపోయింది. తోతియా లోపలికొచ్చింది. చేతిలో కొడవలి. కొడుకు ముందు నిలబడింది. యాభై రోజుల తర్వాత మొదటిసారి అతని ముఖంలోకి చూసింది.

"మీ నాన్న ఇద్దర్ని చంపాడు," అంది మెల్లిగా. "ఒకసారి దోపిడీకి కూడా పోయాడు. ఆయన్ని కడిగి కఫన్ చుట్టేటప్పుడు నాకు సిగ్గెయ్యలేదు. నిన్ను కని ఇన్నేళ్లయింది. ఇవాళ ఆ కమ్మరి వాడికి ముఖం చూపించలేక కళ్లు దించుకున్నాను. నేను! వాడి ముందు!"

"అమ్మా..."

"నాకు చెప్పకు. నాకు తెలుసు. తెలియనివాడు అక్కడ రాళ్లు ఏరుకుంటున్నాడు. పోయి వాడికి చెప్పు."

తోర్‌బాజ్ కూలిన బురుజు దగ్గర మంచి రాళ్లన్నీ ఏరి ఒక పక్క పేరుస్తున్నాడు. వసంతంలో మళ్లీ కడతానని రోజూ పొద్దున్నే వెళ్లేవాడు. మీర్దాద్ రావడం చూసి, "రా అన్నా, ఆ మూల పట్టు, దూలం కింద ఇరుక్కుంది" అన్నాడు.

మీర్దాద్ పట్టలేదు. నిలబడే చెప్పాడు. కుర్చీ గురించి, టీ గురించి, కాగితం గురించి, తుపాకి గురించి చెప్పాడు. వాకిట్లో ఎండ పడినప్పుడు తనకి ఎలా అనిపించిందో అది కూడా చెప్పాడు. అది చెప్పడమే అన్నిటికంటే కష్టమైంది.

తోర్‌బాజ్ చేతిలో ఉన్న రాయిని వరస మీద పెట్టాడు. కదలకుండా సరిచేశాడు. ఇంకో రాయి తీసుకున్నాడు, అదీ పెట్టాడు. మూడోది తీసుకుని, పెట్టకుండా దాన్నే చూస్తూ నిలబడ్డాడు.

"నా కూతురు ఎవరి ఇంట్లో పుట్టింది?" అన్నాడు చివరికి.

మీర్దాద్ తన ఇంటి వైపు చూశాడు.

"యాభై రోజులు నీ ఉప్పు తిన్నాను. నా పెళ్లాం నీ గడ్డి మీద పురుడు పోసుకుంది. ఇప్పుడు నిన్ను చంపితే జనం నన్నేమంటారు?" చేతిలో రాయిని అటూ ఇటూ తిప్పాడు. "బురుజు కూల్పించావు. సరే. గొర్రెలు పోయాయి. సరే. నిన్ను చంపే హక్కు కూడా తీసేసుకున్నావు గదరా. దాన్ని కూడా మిగల్చలేదు నాకు."

అతను రాయి కింద పడేసి, ఇంటికొచ్చి, భార్యనీ పాపనీ తీసుకుని వెళ్లిపోయాడు. జర్తాజా గుమ్మం దాటుతూ, తోతియా చేతుల్ని కళ్లకద్దుకుంది. మీర్దాద్ వైపు చూడలేదు. కూలిన గోడల మధ్య కర్రలు నిలబెట్టి, పైన గొంగళి కప్పి, ఆ పూటనుంచే అక్కడ కాపురం పెట్టారు. సన్నగా మంచు పడుతూనే ఉంది. పాప ఏడుపు మీర్దాద్ ఇంటికి వినిపించేది.

రెండో రోజు మీర్దాద్ తనంతట తనే మలిక్ దగ్గరికి పోయి జిర్గా పిలిపించాడు. గొంగళి విప్పి తుపాకిని గుండ్రం మధ్యలో పెట్టాడు. ఈసారి బయట నిలబడింది తనే. చెప్పడం అయ్యేసరికి ఎవరూ నవ్వలేదు, ఎవరూ తిట్టలేదు. చిన్నప్పటినుంచి తెలిసిన ముఖాలు ఒక్కొక్కటే పక్కకి తిరిగాయి. తిట్టి ఉంటే కాస్త నిలదొక్కుకునేవాడే.

"తుపాకి తోర్‌బాజ్‌కి చెందాలి," అన్నాడు మలిక్ హైబత్.

"అది నా గడప తొక్కకూడదు," అన్నాడు తోర్‌బాజ్.

చివరికి దాన్ని ఊరి కాపలాకి ఉంచుకున్నారు. ఇల్లు తగలబెట్టాలి, మనిషి ఈ కొండల్లో కనిపించకూడదు అన్నారు. మీర్దాద్ ఒప్పుకున్నాడు. "సమందర్‌ని వెనక్కి పిలవాలి" అన్నాడు.

"కమ్మరి కోసం జిర్గా తన మాట వెనక్కి తీసుకోవాలా?" అని ఒక ముసలాయన గొణిగాడు.

"తీసుకోవాలి," అన్నాడు తోర్‌బాజ్ లేచి నిలబడి. "వాడు నోరు విప్పి ఉంటే వీడి బతుకు ఆ రోజే తెల్లారేది. విప్పలేదు. మనం గాడిద కబుర్లు చెప్పి నవ్వుకున్నాం. నేనూ నవ్వాను."

పిలవొచ్చని జిర్గా ఒప్పుకుంది.

ఇల్లు తగలబడుతుంటే తోతియా ఒక బొంత, కొడవలి పట్టుకుని బయటికొచ్చింది. కొడుకు చెయ్యి చాపాడు. "నేను రాను," అంది. "అక్కడ పసిదానికి ఊయల ఊపేవాళ్లు లేరు." అంటూనే తోర్‌బాజ్ వాళ్ల గొంగళి కప్పు వైపు నడిచింది. సగం దూరం వెళ్లి ఆగింది గాని, వెనక్కి తిరగలేదు.

మీర్దాద్ కొండ దిగి బజారు ఊరు చేరాడు. సమందర్ దాగలి బాటసారులు దిగే సరాయి గోడ వార, ఒక రెల్లు పందిరి కింద కనిపించింది. టాంగా గుర్రాలకి లాడాలు కొడుతున్నాడు. మీర్దాద్‌ని చూసి సుత్తి ఆపలేదు. ఇనుము చల్లబడిన తర్వాతే ఆపాడు.

"నిన్ను వెనక్కి రమ్మన్నారు ఉస్తా," అన్నాడు మీర్దాద్. "నేను అంతా చెప్పేశాను. నీ తప్పేం లేదని అందరికీ తెలిసింది."

సమందర్ ముఖంలో సంతోషం వస్తుందనుకున్నాడు. రాలేదు. కోపం వచ్చింది.

"ఎందుకు చెప్పావు?"

"ఏంటి?"

"ఎందుకు చెప్పావంటున్నాను! మా తాత కట్టిన కొలిమిని కాల్చుకుని మరీ దాచాను గదా దాన్ని. మా ఆవిడ మూడో నెల కడుపు దారిలో పోయింది, తెలుసా నీకు? ఆ వాగు దగ్గర. అయినా దారి పొడుగునా దానికి ఒకటే చెప్పాను, పోనీలే, మా ఖాన్ పరువు నిలిచింది అని. మన ఉప్పు మనం తీర్చుకున్నాం అని. ఇప్పుడు నువ్వొచ్చి అది కూడా లేదంటున్నావు. మరి నేను పోగొట్టుకున్నదంతా దేనికి?"

మీర్దాద్ అక్కడే మట్టిలో కూలబడ్డాడు. వచ్చేపోయేవాళ్లు చూస్తున్నారు. తలపాగా తీసి సమందర్ కాళ్ల దగ్గర పెట్టబోతే సమందర్ గభాల్న కాళ్లు వెనక్కి లాక్కున్నాడు.

"వద్దు. ఆ పని చెయ్యకు. నాకు చూడాలని లేదు."

లోపల్నించి సమందర్ భార్య ముసుగు సర్దుకుంటూ వచ్చి, ఒక రొట్టె, ఉల్లిపాయ, మజ్జిగ తెచ్చి మీర్దాద్ ముందు పెట్టి వెళ్లింది.

"తిను," అన్నాడు సమందర్ మళ్లీ సుత్తి అందుకుంటూ. "నా గుమ్మం ముందుకి వచ్చావు. తినకుండా పోకూడదు. తిని వెళ్లిపో. మేం కొండెక్కం."

మీర్దాద్ తిన్నాడు. వద్దనే హక్కు కూడా తనకు లేదని తెలిసి, ఆఖరి ముక్క వరకూ తిన్నాడు.

ఆ ఊళ్లోనే రోడ్డు పనిలో కంకర కొట్టే కూలీగా చేరాడు. పల్టనులు కొండల్లోకి వెళ్లే రోడ్డు అదే. వేరే పని దొరకలేదు. సరాయి వైపు వీధిలోకి మాత్రం ఎప్పుడూ వెళ్లలేదు. నీళ్లకి వెళ్లాలన్నా బజారు చుట్టూ తిరిగి వెళ్లేవాడు. సమందర్‌కి పని బాగా పెరిగిందనీ, ఇద్దరు కొడుకులు పుట్టారనీ వినేవాడు.

తొమ్మిదేళ్ల తర్వాత కొండమీదినుంచి ఒంటెలవాడు కబురు తెచ్చాడు. "మీ అమ్మ ఇవాళో రేపో పోయేలా ఉంది. నువ్వు ఊళ్లో అడుగుపెట్టాక మూడు రోజులు నీ మీద ఎవరూ తుపాకి ఎత్తరని తోర్‌బాజ్ మాటిచ్చాడు. నాలుగో రోజుకి ఆయన పూచీ లేదు."

మీర్దాద్ పగలంతా, మర్నాడు సగం రోజు నడిచి ఊరు చేరాడు. బురుజు మళ్లీ లేచింది, మునుపటంత ఎత్తు లేదు. తన ఇల్లు ఉన్నచోట మొండి గోడల మీద ముళ్లకంప పెరిగింది. పాడె అప్పటికే లేపారు. అతను పరుగున వెళ్లి వెనక నడిచాడు. ఎవరూ పలకరించలేదు. ముందు కొమ్ము మోస్తున్న తోర్‌బాజ్ వెనక్కి చూసి, అడుగు ఆపకుండానే భుజం కొంచెం పక్కకి జరిపాడు. మీర్దాద్ వెళ్లి ఆ చోట తన భుజం పెట్టాడు. వాళ్లిద్దరూ అలా పక్కపక్కన నడిచి ఎన్నేళ్లో అయింది.

మూడు రోజులు మీర్దాద్ తోర్‌బాజ్ ఇంటి అతిథి గదిలో పడుకున్నాడు. రొట్టె వేళకి వచ్చేది, వేడిగానే వచ్చేది. దాన్ని పెట్టి పోయేవాళ్లు కూర్చునేవాళ్లు కాదు. మూడో రోజు మధ్యాహ్నం తోర్‌బాజ్ తుపాకి భుజాన వేసుకుని గుమ్మంలోకి వచ్చాడు. "పద" అన్నాడు.

దారి పొడుగునా తోర్‌బాజ్ పది అడుగులు ముందు నడిచాడు, ఎవరైనా కాల్చదలిస్తే ముందు తనకి తగిలేటట్టు. వాగు దగ్గర ఆగాడు. అక్కడితో వాళ్ల హద్దు అయిపోతుంది.

"ఇక్కడిదాకే," అన్నాడు.

మీర్దాద్ నీళ్లలో దిగాడు. అవతలి ఒడ్డు చేరి, ఏదో ఒకటి అనాలని, ఏమనాలో తెలియకపోయినా అనాలని వెనక్కి తిరిగాడు. తోర్‌బాజ్ అప్పటికే ఊరి వైపు నడుస్తున్నాడు.